సగం మంచె

నవంబరు మూడో శనివారం. పొద్దుపొడిచి గంటన్నర అయింది. పైన్ తోపులో ఠంగుమని ఇనుప చప్పుడు వినబడేసరికి నెల్డాకు ముందు కోపమొచ్చింది. వాగు అవతల రెండు ఆడ దుప్పులు మేసుకుంటూ ఇటువైపే వస్తున్నాయి. వాటి వెనకాల మగది ఉంటుందని, వేటకొచ్చి చెట్టు మీద మంచెలో కూర్చున్న ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ చప్పుడుకు రెండూ తెల్లతోకలెత్తి ఒక్క గెంతులో మాయమైపోయాయి. అన్న రాయిస్ ఫ్లాస్కు జారవిడిచాడు కాబోలనుకుంది.

తల తిప్పి చూస్తే, ఎనభై గజాల అవతల చెట్టు మీద రాయిస్ వేసుకున్న నారింజరంగు వేట చొక్కా కనిపించింది. కూర్చునే ఉన్నాడు. కానీ రెండు కాళ్లూ గాల్లో వేలాడుతున్నాయి. కాళ్ల కింద ఉండాల్సిన చట్రం చెట్టు మొదట్లో పడి ఉంది.

వాళ్లు ఎక్కే మంచె రెండు ముక్కలుగా ఉంటుంది. పైముక్క మీద కూర్చోవాలి, కిందిముక్క మీద కాళ్లు పెట్టాలి. ఒక్కోదానికీ చెట్టు చుట్టూ తిప్పి బిగించే ఉక్కు తాడు ఉంటుంది. కూర్చుని కిందిదాన్ని పాదాలతో పైకి లాక్కోవాలి, లేచి నిలబడి పైదాన్ని చేతులతో ఎత్తుకోవాలి. గొంగళిపురుగు పాకినట్టు కొంచెం కొంచెంగా ఎక్కడమే. మనిషి బరువు పడ్డంతసేపూ అవి బెరడును కరిచి పట్టుకుంటాయి. బరువు తీసేస్తే జారిపోవచ్చు. అందుకే రెండు ముక్కల్నీ కలిపి ఒక తాడు కట్టుకుంటారు. రాయిస్ ఆ తాడు కట్టలేదు.

నెల్డాకు ఇవన్నీ నేర్పినవాడు రాయిసే. కొమ్మలు లేని నిటారు చెట్టు ఎంచుకోవడం, పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది కాబట్టి నేల మీదే చట్రం ముందుభాగాన్ని కాస్త పైకెత్తి బిగించుకోవడం, గుళ్లు తీసిన తుపాకీని పైకి చేరాక తాడుతో లాక్కోవడం, అన్నీ అతని దగ్గరే నేర్చుకుంది. ఆమెకు యాభైమూడేళ్లు, బడి బస్సు నడుపుతుంది. అతనికి అరవైరెండు. కరెంటు స్తంభాలెక్కే పనిలో జీవితమంతా గడిపి కిందటేడే మానేశాడు. ఆ తెల్లారగట్ల ట్రక్కు దగ్గర అతని ఒంటి మీద, పడిపోకుండా చెట్టుకు కట్టుకునే బెల్టు లేకపోవడం చూసి ఆమె అడిగింది కూడా.

"ముప్పయ్యొక్క ఏళ్లు నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కానే పిల్లా. రిటైరయింది దాన్ని వదిలించుకోడానికే" అన్నాడతను. తాడు సంగతి ఎత్తితే, అది బెరడుకు రాసుకుని చప్పుడు చేస్తుందన్నాడు. అన్నకు పాఠాలు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇప్పుడు గొంతు పెంచి పిలిచింది. "అన్నా, కదలకు. దిగి వస్తున్నా."

"ఎక్కడికి కదుల్తాను? కాకిలా కూర్చున్నాగా" అన్నాడు. నవ్వుతున్నాడు. కిందిముక్కను సర్దుకుందామని కాళ్లు ఎత్తితే అది పట్టు వదిలేసిందట.

వేటగాళ్ల గుడిసెలో నిచ్చెన ఉందని, ట్రక్కులో వెళ్లి పావుగంటలో తెస్తానని ఆమె చెప్పింది. అతనికి అది నచ్చలేదు.

"నిచ్చెనేసి దించారని తెలిస్తే రేపు చర్చి దగ్గర నన్ను బతకనిస్తారా?"

"నవ్వితే నవ్వనీ. అక్కడే కూర్చో."

"సరేలే, కానీ."

ఆమె తుపాకీలోంచి గుళ్లు తీసి జేబులో వేసుకుని, తుపాకీని తాడుతో నేలకు దించింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. కూర్చోవడం, పాదాలతో చట్రాన్ని వదులు చేసి ఓ అడుగు దించి మళ్లీ కరిపించడం, నిలబడి పైముక్క దించడం, చెట్టుకు చుట్టిన బెల్టు తాడును దాంతోపాటు కిందికి జరుపుకోవడం. ఆమె ఉన్నది ఇరవైరెండు అడుగుల ఎత్తున. రెండు అడుగులకోసారి "కూర్చునే ఉన్నావా?" అని అడుగుతోంది. ఉన్నానన్నాడు. మళ్లీ ఉన్నానన్నాడు. మూడోసారి, వాళ్లావిడ గ్లెండాకు మాత్రం ఈ సంగతి చెప్పొద్దన్నాడు. నాలుగోసారి కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు.

"ఎంతనీ, పదహారడుగులేగా. మాను పట్టుకుని జారతా."

"ఆగు. అన్నా, వద్దు. వస్తున్నా, ఆగు."

ఆ క్షణంలో ఆమె చూపు తన పాదాల మీదే ఉంది. చట్రం సరిగ్గా కరిచిందో లేదో చూసుకుంటోంది. బెరడు గీరుకున్న చప్పుడు వినబడింది. ఆ వెంటనే తడిసిన ధాన్యపు బస్తా పడ్డట్టు ఒక చప్పుడు. అంతే. కేక కూడా లేదు.

చూస్తే పైముక్క ఒక్కటే చెట్టుకు వేలాడుతోంది. దాని మీద ఎవరూ లేరు.

కిందికి చూడటానికి ఆమెకు చాలాసేపు పట్టినట్టనిపించింది. నారింజరంగు ఇప్పుడు ఎండిన పైన్ ఆకుల మీద ఉంది. పిలిచింది. పలకలేదు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. కిందికి దిగితే వాగు పల్లంలో సిగ్నలు అందదని తెలుసు కాబట్టి అక్కడే కూర్చుని ఫోను తీసి సాయం కోసం నంబరు నొక్కింది. అవతల ఆడమనిషి ఎక్కడున్నారు, ఏ దారి, ఎంత ఎత్తు అని అడుగుతుంటే, పిల్లల్ని దించే స్టాపుల పేర్లు చెప్పినంత మామూలుగా జవాబులు చెప్పింది. అతన్ని కదపొద్దు, తల కూడా ఎత్తొద్దు అని చెప్పారు. అలాగేనండి అంది.

ఇంకా పద్నాలుగు అడుగులు మిగిలే ఉన్నాయి.

దూకేద్దామని ఒళ్లంతా లాగింది. కూర్చుంది, నిలబడింది, దించింది, మళ్లీ కూర్చుంది. చేతులు తొందరపడ్డాయి. బెల్టు తాడు కిందికి జరపడం మరిచిపోయి పైముక్కను ఒకేసారి రెండడుగులు దించి కూర్చోబోయేసరికి ఛాతీ దగ్గర ఎవరో వెనక్కి గుంజినట్టు పట్టీలు బిగుసుకున్నాయి. అలా కొన్ని క్షణాలు నిలిచిపోయింది. తనూ పడిపోతే ఇక్కడ ఇద్దరం పడి ఉంటామని అప్పుడు తట్టింది. మళ్లీ నిలబడింది. తాడు జరిపింది. అడుగు దించింది. తన అన్న అక్కడ పడి ఉంటే తను చెట్టు మీద ఇంత నెమ్మదిగా, ఇంత పద్ధతిగా దిగుతోందన్నది ఆమెకే నమ్మశక్యంగా లేదు.

నేల తగలగానే పరుగెత్తింది. రాయిస్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. అరచేతులు రెండూ చెక్కుకుపోయి, గడ్డానికి బెరడు పెళ్లలు అంటుకున్నాయి. ఆమె పక్కన మోకాళ్ల మీద కూలబడింది. తాకాలంటే భయమేసింది.

అతని పెదాలు కదిలాయి. "తుపాకీలో గుళ్లు తీశావా?"

"తీశాను."

"మంచి పిల్లవి." కళ్లు కిందికి తిప్పి, "నా కాళ్లు ఎవరివోలా ఉన్నాయే" అన్నాడు.

తన కోటు విప్పి అతనికి కప్పింది. నలభై నిమిషాలకు మనుషులొచ్చారు. ఆరుగురు కలిసి అతన్ని పలకకు కట్టి, చెట్ల మధ్య నుంచి, వాగు దాటించి, పొలంలోకి మోసుకెళ్లారు. అక్కణ్ణుంచి హెలికాప్టరు తీసుకుపోయింది. ఆసుపత్రికి గ్లెండా వచ్చి ఏం జరిగిందని అడిగితే, పడ్డాడు వదినా అని మాత్రం చెప్పింది నెల్డా. సాయంత్రం ఎవరో గుర్తుచేసేదాకా ఒంటి మీద ఇంకా బెల్టు పట్టీలు ఉన్నాయన్న సంగతే ఆమెకు తెలియలేదు.

వెన్నుపూస రెండుచోట్ల విరిగింది. తుంటి విరిగింది. తొమ్మిది గంటలు ఆపరేషను చేశారు. ప్రాణానికి భయం లేదు గానీ నడక సంగతి చెప్పలేమన్నారు.

సోమవారం నెల్డా బస్సు తీసింది. ఇంట్లో కూర్చోలేకపోయింది. మొక్కజొన్న చేల పక్కన పోతుండగా వెనకసీట్లో ఎవరి పుస్తకాల సంచో కింద పడింది. ఆ చప్పుడుకు బస్సును రోడ్డు మధ్యలో ఆపేసింది. స్టీరింగు పట్టుకున్న చేతులు వదలడం లేదు. ఆ వారమంతా వేరే డ్రైవరు నడిపాడు.

మూడు వారాలకు రాయిస్ చక్రాల కుర్చీలో కూర్చోగలిగాడు. ఎడమకాలి వేళ్లు కొద్దిగా కదులుతున్నాయి, కుడికాలు కదలడం లేదు. నెల్డా ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని వొలుచుకు తింటున్నారు. అతను ఉన్నట్టుండి అన్నాడు.

"నువ్వక్కడే ఉన్నావుగా. కాసేపు ఆగమని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

నెల్డా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నిష్ఠూరమాడుతున్నాడేమోనని అతని ముఖంలోకి చూసింది. కాదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. ట్రక్కులో కాఫీ పోసుకోవడం వరకే తనకు గుర్తుందని, ఆ తర్వాత కళ్లు తెరిస్తే ఆసుపత్రేనని చెప్పాడు. ఈ మూడు వారాలూ అన్న తనను ఇలా అనుకుంటున్నాడన్న ఊహే ఆమెకు లేదు.

"చెప్పాను అన్నా" అంది. "చాలాసార్లు చెప్పాను."

"మరి నేనేమన్నాను?"

ఆమె చెప్పింది. ఠంగుమన్న చప్పుడు దగ్గర మొదలుపెట్టి, నిచ్చెన సంగతి, చర్చి సంగతి, గ్లెండాకు చెప్పొద్దనడం, కాళ్లు తిమ్మిరెక్కాయనడం, ఒక్కటీ వదలకుండా చెప్పింది. అతను జారిన క్షణంలో తన చూపు తన పాదాల మీదే ఉందని కూడా చెప్పింది. అతను ఇంకెవరి గురించో వింటున్నట్టు విన్నాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు.

"వాడెవడో ఒట్టి మూర్ఖుడే" అన్నాడు.

అన్నాక అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతుల మీది గాట్లు ఇంకా పూర్తిగా మానలేదు. నెల్డా కుర్చీ దగ్గరికి లాక్కుని అతని మోచేయి పట్టుకుంది. మధ్యాహ్నం గ్లెండా భోజనం తెచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.