నూట పది బై డెబ్బై

మస్తానాబీ కూతురు ఆసియాకు పుట్టింటి కూడు బాగా ఒంటబట్టిందని, గాజులు తీయబోతే సబ్బు నురగకు కూడా దిగలేదని పక్కింటి సుబ్బరత్నమ్మ కొళాయి దగ్గర చెప్పిందట. "మడకశిరలో అత్త ఏం పెట్టిందో గానీ, కాన్పుకు ఈడికొచ్చినాక మొగం పూరీ మాదిరి పొంగిండాది" అని నవ్విందట కూడా. ఆ మాటను ఆశా కార్యకర్త కదిరమ్మ తెచ్చి, ట్రైనింగు హాల్లో పక్కన కూర్చున్న నర్సు సువర్ణ చెవిలో వేసింది.

సువర్ణ కూడా నవ్వింది. అప్పటికింకా పాఠం మొదలు కాలేదు.

ఆ రోజు మండలంలోని నర్సులకూ ఆశాలకూ గర్భిణుల బీపీ గురించి మళ్లీ నేర్పుతున్నారు. "కాళ్లకు నీరొస్తే చాలామందికి మామూలే. చేతులు, మొహం ఉబ్బితే మాత్రం ఆ రోజే బీపీ చూడండి. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరు" అన్నాడు డాక్టరు.

సువర్ణకు కుర్చీలో కంపముళ్లు పరిచినట్టయింది. ఆసియా ఇంటికి ఫోన్ చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది.

ఇంతలో ఇద్దరిద్దరుగా ఒకరికొకరు బీపీ చూసుకోమన్నారు. సువర్ణ కదిరమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ఆ గాలి ఇంకా వదలకముందే కాగితం మీద 110/70 అని రాసేసింది. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి తనంతట తానే రాసింది. తిరగాల్సిన ఇళ్లు ఎక్కువ, ఫోన్లో ఎక్కించాల్సిన లెక్కలు ఇంకా ఎక్కువ. మనిషి నవ్వుతూ ఎదురొస్తే 110/70. పోయిన బుధవారం ఆసియా కార్డులో రాసిందీ అదే.

"చూడకనే నా బీపీ అంత బాగుండాదా మేడమ్? మా కోడలికి చెప్పాల" అంది కదిరమ్మ.

"లేయక్కా, పోదాం."

"యాడికి? నాలుగ్గంటలకు మొగం ఫోటో తీస్తారంట. లేకుంటే ఆబ్సెంటే."

"వేసుకోనీ."

ఆటో దొరికింది గానీ, జనం నిండితే తప్ప కదలనన్నాడు డ్రైవరు. సువర్ణ దిగి నాలుగడుగులు నడిచింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. "నువ్వు పోనీయప్పా!" అని ఆమె అరిచిన అరుపుకు వాడు బండి తీశాడు.

ఇంట్లో ఆసియా నుదుటి మీద తడిగుడ్డతో చాప మీద పడుకుని ఉంది. "పొద్దట్నించీ తలకాయ పగిలిపోతాండాదక్కా" అంది. సువర్ణ సంచిలోంచి మిషను తీసి, ఆమె రైక చెయ్యి పైకి తోసి పట్టీ చుట్టింది. 170/110. కాసేపాగి మళ్లీ చూసింది. అంతే. కదిరమ్మ అప్పటికే నూటెనిమిదికి ఫోన్ కలిపింది.

"ఏమైందమ్మా?" అంది మస్తానాబీ.

"బీపీ శానా ఎక్కువుండాది చిన్నమ్మా, పెద్దాసుపత్రికి పోవాల. మొగం ఉబ్బితే ఆ పొద్దే చూడల్లని ఇప్పుడే ట్రైనింగులో చెప్పినారు. అందుకే ఆడ వదిలేసి పరిగెత్తుకొనొస్తిమి."

మస్తానాబీ కూతురి బట్టలు మూటగడుతూ తలెత్తలేదు.

"పోయిన బుధవారం వస్తివే, మిషను సంచిలోంచే తీయకపోతివి. అది తీయమని గూడా ట్రైనింగులోనే చెప్పాల్నా?"