మా మెస్సుకు కొత్త బోర్డు

ఆళ్లగడ్డ బస్టాండు వెనక పద్దెనిమిదేళ్లుగా నేను నడుపుతున్నది మెస్. బోర్డు మీద కూడా అట్లాగే ఉండేది. మా అమ్మాయి దీక్షిత నంద్యాలలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చేదాకా అందులో తప్పుందని నాకెవరూ చెప్పలేదు.

"మెస్ అంటే హాస్టల్లో ఉండేది నాయనా. హోటలంటే రూములుండాల. కేఫంటే కాఫీకి. కూర్చోబెట్టి, మెనూ ఇచ్చి, భోజనం పెడితే అది రెస్టారెంట్."

"మరి నంద్యాలలో ఇడ్లీలమ్మే హోటళ్లల్లో మంచాలు యాడేసినారు?" అన్నాను.

"వాళ్లకు తెలీదు" అంది.

ఊరంతటికీ తెలియనిది మా పిల్లకు తెలిసింది గదా అని కడుపు నిండిపోయింది. నా ఖర్మ, ఒప్పుకున్నాను. రెస్టారెంట్ అని కొత్త బోర్డు ఎక్కింది. బెంచీలు పోయి కుర్చీలొచ్చాయి, వాటికి తెల్ల గుడ్డలు తొడిగాం.

నా మెస్సుకు ప్రాణం విగ్రహాలు చెక్కే శిల్పులు. నలభై మంది. పన్నెండున్నరకు తల నుంచి కాళ్ల దాకా రాతిపొడితో వచ్చి, చేతులు కడుక్కుని బెంచీల మీద కూలబడేవాళ్లు. మూడోసారి అన్నం కూడా అడగకుండానే విస్తట్లో పడేది. వాళ్లు రాకపోతే నేను పొయ్యి ఆర్పుకోవడమే.

కొత్త బోర్డు పెట్టిన రోజు కూడా వచ్చారు. గడప దగ్గర ఆగిపోయారు. వాళ్లలో పెద్దవాడు సుందరరాజు బోర్డు చూశాడు, కుర్చీలు చూశాడు, తన లుంగీ చూసుకున్నాడు.

"రెస్టారెంట్ చేసినావే అన్నా. బాగుంది. ఈ బట్టల్తో యాడొస్తాం లే" అని వెనక్కి తిరిగాడు.

కోపం లేదు, ఎగతాళీ లేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. తిట్టి ఉంటే నేనూ తిట్టి లోపలికి లాక్కొచ్చేవాణ్ణి.

నాలుగు రోజులు అన్నం వండింది వండినట్టే మిగిలింది. కార్లలో తిరిగేవాళ్లు వస్తారంది దీక్షిత. ఒక కారు ఆగింది కూడా. అహోబిలం దోవ అడిగి పోయింది.

ఐదోరోజు మా పిల్ల అన్నం గంపకెత్తి, పప్పూ చారూ క్యారియర్లలో పోసుకుని, ఆటోలో శిల్పుల షెడ్డుకు పోయింది. మూడు గంటలకు ఖాళీ గిన్నెలతో తిరిగొచ్చింది. జుట్టు, చుడీదారు, కనుబొమలు, అన్నీ రాతిపొడే.

"తిన్న్యావా మ్మే?"

"లేదు."

పళ్లెంలో అన్నం పెట్టి లోపల టేబుల్ మీద ఉంచాను. ఆమె గుమ్మంలోనే నిలబడి కుర్చీల వైపు చూసింది.

"ఈడనే ఇయ్యి నాయనా. బట్టలకంతా దుమ్ముంది" అని మెట్టు మీద కూర్చుంది.

పళ్లెం తెచ్చిచ్చాను. ఆమె అక్కడ తింటుంటే, కుర్చీల గుడ్డలు ఒక్కొక్కటే ఊడదీశాను.