అబద్ధాల కుర్చీ

రోండా ప్రుయిట్‌కి ఒళ్లు మండిపోతోంది. మండదా మరి? మూడేళ్లుగా లాస్ వేగాస్ కేసినోల్లో బ్లాక్‌జాక్ బల్లల ముందు కూర్చుని, అయిదేసి డాలర్ల బుల్లి పందేలు కాస్తూ, పడిన ప్రతి పేకముక్కనీ మనసులో లెక్క పట్టిన మనిషి. ఆ మనిషిని తీసుకొచ్చి అబద్ధాల కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆమె ఉన్న పేకాట జట్టు పద్ధతి చెప్పుకుంటే చిన్నదే. చిన్న ముక్క పడితే ఒకటి కలుపుకోవాలి. పదో, బొమ్మో, ఆసో పడితే ఒకటి తీసెయ్యాలి. లెక్క బాగా పెరిగిందంటే మంచి ముక్కలు ఇంకా కట్టలోనే ఉన్నాయన్నమాట. అప్పుడు రోండా చేతులు కట్టుకుంటుంది. జట్టులో పెద్ద పందేలు కాసేవాణ్ణి షావుకారు అంటారు. ఆ షావుకారు ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుని, నాలుగు ఆటల్లో పంచేవాడి నడ్డి విరుస్తాడు. లెక్క పడిపోగానే రోండా మెడ మీద చెయ్యి వేస్తుంది. షావుకారు ఆ క్షణమే లేచిపోవాలి. ఇంకొక్క ఆట అన్నాడా, గెలిచింది కాస్తా పోతుంది.

షావుకారు క్లేటన్. పాతికేళ్లవాడు, వాడికి లెక్క నేర్పిందే రోండా. జట్టు పెద్ద మిల్టన్ ఆస్‌గుడ్ మాత్రం మూడేళ్లుగా "వచ్చే విడత షావుకారు నువ్వే రోండా" అంటూనే ఉన్నాడు. విడతలు వస్తున్నాయి, పోతున్నాయి. రోండా అయిదు డాలర్లు దాటింది లేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆమె మెడ మీద చెయ్యి వేసింది. క్లేటన్ చూశాడు. చూసి, విస్కీ తెప్పించుకుని అక్కడే బైఠాయించాడు. ఇవాళ తనకి కలిసొస్తోందట! ఆమె రెండోసారీ వేసింది. ఆరు ఆటల్లో మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది. వాడు తిన్నగా మిల్టన్ దగ్గరికి వెళ్లి, "రోండా మామ్మ చెయ్యి ఎత్తనే లేదు" అన్నాడు.

అనుమానం వస్తే అబద్ధాలు పట్టే యంత్రానికి కట్టించుకుంటామని జట్టులో చేరేటప్పుడే అందరూ సంతకం పెడతారు. కానీ సాయంత్రం జట్టు గదిలో మిల్టన్ కుర్చీ జరిపింది రోండా ఒక్కదానికే. క్లేటన్ ఫ్రిజ్‌కి ఆనుకుని బీరు తాగుతూ నిలబడ్డాడు. ఆ నిలబడడం చూస్తేనే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

రిటైరైన పోలీసు హార్లన్ ఆమె ఛాతీకి పట్టీ బిగించి, వేళ్లకి క్లిప్పులు తగిలించాడు. కాగితం మీద సూది మెల్లగా నడుస్తోంది. అబద్ధమాడితే అది ఎగరాలి.

"మీ పేరు రోండాయేనా?"

"అవును."

"లెక్క పడిపోయినప్పుడు మెడ మీద చెయ్యి వేశారా?"

"వేశాను! ఒకసారి కాదు, రెండుసార్లు!"

సూది ఎగిరి పడింది.

మిల్టన్ నిట్టూర్చాడు. "చూశావుగా రోండా. నేనేం చెయ్యను?"

ఈ జట్టు పెద్దలు అదృష్టాన్ని నమ్మరు, దేవుణ్ణి నమ్మరు, జాతకాన్ని అసలే నమ్మరు. కాగితం మీద గీత కనిపిస్తే మాత్రం వేదవాక్కు. బుర్రంతా లెక్కలే ఉన్నవాళ్లకి పట్టే జబ్బు అది.

"పోన్లే మామ్మా, కళ్లజోడు మార్పించుకో," అన్నాడు క్లేటన్.

"నువ్వు నోరుముయ్యరా. హార్లన్, పట్టీలు విప్పొద్దు. ఓ పేక తెచ్చి, అందులో ఒక ముక్క దాచెయ్. మిల్టన్, నువ్వు గడియారం చూడు."

క్లిప్పులు తగిలించిన వేళ్లతోనే ముక్కలు ఒక్కొక్కటీ తిప్పింది. సూది పిచ్చెక్కినట్టు గెంతుతోంది. ఆమె కాగితం వంక చూడలేదు. ఆఖరి ముక్క పడేసరికి పదిహేడు సెకన్లు.

"పేక నిండుగా ఉంటే లెక్క సున్నాకి రావాలి, ఒకటి తగ్గింది. దాచింది చిన్న ముక్క."

హార్లన్ తిప్పి చూపించాడు. ఇస్పేటు అయిదు.

"ఇంతసేపూ సూది ఎగురుతూనే ఉంది. నా లెక్క తప్పిందా మిల్టన్?"

"సరే సరే, నమ్మాను," అన్నాడు మిల్టన్ గడియారం జేబులో పెట్టుకుంటూ. "రేపు పన్నెండింటికి అదే బల్ల. మామూలుగానే, అయిదు డాలర్లు కాయి."

క్లేటన్‌ని ఒక్క మాట అనలేదు. తప్పయిందని ఆమెతోనూ అనలేదు. అప్పటిదాకా మండింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. రోండా పట్టీలు పీకి పారేసి లేచింది.

"కూర్చో మిల్టన్."

"నేనా?"

"అందరికన్నా ముందు సంతకం పెట్టింది నువ్వేగా."

హార్లన్ అప్పటికే పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. కూర్చోక తప్పలేదు.

"వచ్చే విడత షావుకారు నువ్వేనని మూడేళ్లుగా చెబుతున్నావు. ఒక్కసారైనా మనసులో ఉండి అన్నావా?"

"ఎందుకనలేదు? ఉండే అన్నాను."

సూది కాగితం అంచు దాకా పోయింది. క్లేటన్ బీరు దించాడు. మిల్టన్ మొహం కందగడ్డయింది.

"నలుగురిలో పెట్టి ఇట్లా నిలదీస్తే ఎవడికైనా ఒళ్లు మండదూ? అది కోపం రోండా! కోపానికి ఎగిరింది!"

"నాదీ కోపమే మిల్టన్."

రోండా హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లింది.

"రోండా, ఆగు. రేపు లెక్క ఎవరు పడతారు?"

ఆమె క్లేటన్ వైపు చూసింది.

"నేర్పింది నేనేగా. వాణ్ణే కూర్చోబెట్టు, అయిదు డాలర్లకి."