పీనుగుల దారి

చీపురుపల్లి స్టేషను వెనక గోగునార గోదాము గోడ పగలగొట్టడం మేమంతా చూశాం. మంట ఆరిన మర్నాడు పొద్దున్నే షావుకారు రంగనాథం దగ్గరుండి పగలగొట్టించాడు. లోపల నార ఏరే ఆడవాళ్ళు అయిదుగురు మాడిపోయి పడి ఉన్నారు. వాళ్ళు పోయిన వేళ ధనిష్ఠా నక్షత్రమనీ, ఆ శవాలు ముందు తలుపులోంచి బయటికొస్తే ఇంటికీ వ్యాపారానికీ కీడనీ సిద్ధాంతి చెప్పాడట. అందుకని వెనక గోడకి మనిషి వంగి పట్టేంత కన్నం కొట్టించి, అందులోంచి మోయించారు.

కన్నం కొట్టింది తాపీమేస్త్రీ ఎర్రన్న. గునపం నాలుగు దెబ్బలు పడేసరికి ఇటుకలు జలజలా రాలాయి. అంత మెత్తని గోడ అది. చూస్తున్న జనంలోంచి దేవమణి ఒక్కతే షావుకారు ముందుకి వెళ్ళింది. తనూ ఆ గోదాములోనే నార ఏరేది. ముందు వరసలో కూర్చుంది కాబట్టి బతికింది. వెనక వరసలో కూర్చున్న ఆమె చెల్లెలు జ్ఞానసుందరి ఆ అయిదుగురిలో ఉంది.

"మేం మిషను గుడికెల్లేవోళ్ళం బాబూ. మాకు నచ్చత్రాల్నేవు. నా సెల్లిని ముందు తలుపులోంచే తీసుకెల్తాను," అంది.

నక్షత్రం అందరికీ ఒకటే అన్నాడు షావుకారు. బతికున్నన్నాళ్ళూ ఆ పిల్లని తన నూతిగట్టు ఎక్కనివ్వని మనిషి, చచ్చాక నక్షత్రాన్ని మాత్రం పంచి ఇచ్చాడు.

గోదాముకి వెనక తలుపు లేకపోలేదు. పని జరుగుతున్నంతసేపూ దానికి తాళం ఉండకూడదనీ, దాని ముందు సరుకు పేర్చకూడదనీ సర్కారు రూలు. ఇనస్పెక్టరు వచ్చిన రోజున ఆ తలుపు బార్లా తెరిచి, గడపకి పసుపు కూడా రాసేవారు. ఆయన రైలెక్కగానే నార బేళ్ళు మళ్ళీ తలుపుకి అడ్డంగా లేచేవి. ఆడవాళ్ళు చీరల్లో నార దాచుకుపోతారని బయటనుంచి తాళం. తాళంచెవి బజార్లో, షావుకారు మొలతాడుకి. ఆ రోజు నిప్పు గోదాము మధ్యలో అంటుకుంది. ముందువైపు వాళ్ళం బయటపడ్డాం. వెనకవైపు వాళ్ళు బేళ్ళు లాగి తలుపుదాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయారు.

అలాంటి చావు జరిగిన చోటుని నెలల తరబడి మూసెయ్యాలని కూడా శాస్త్రమే చెబుతుంది. దానికి మాత్రం సిద్ధాంతి శాంతి కనిపెట్టాడు. వారం తిరక్కుండా కాలినచోట కొత్త రేకులు వేసి గోదాము తెరిచారు. కన్నం పూడ్చమని ఎర్రన్నకి కబురొచ్చింది.

ఆ సాయంత్రం గూడ్సు షెడ్డు దగ్గర అందరం కూడాం. కన్నం పూడ్చనివ్వకూడదంది దేవమణి. బేళ్ళు మోసే కలాసీలకి పెద్ద గంగరాజు. పాత తలుపుకి ఇక తాళం వెయ్యనని షావుకారు మాటిచ్చాడనీ, కన్నం కోసం పట్టుబడితే ఉన్న గంజి కూడా పోతుందనీ అతను చెప్పాడు. చాలామంది తలలూపారు. కడుపు మాడితే ఏ రూలొచ్చి అన్నం పెడుతుందని ఒకడడిగాడు. అది అబద్ధం కూడా కాదు.

అప్పుడు ఎర్రన్న లేచాడు.

"మంట లేసినప్పుడు నాను రోడ్డవతలే ఉన్నాను మావా. గునపం అట్టుకుని పరిగెట్టుకొచ్చినాను. గుమస్తా అడ్డం పడ్డాడు. షావుకారు సెప్పకుండా గోడమీద దెబ్బేస్తే కేసెడతానన్నాడు. బజారుకి మనిసినంపినాడు. లోపల్నుంచి గోడని సేతుల్తో కొడతన్నారు. నాకినపడతన్నాది. నాను షావుకారు సెలవు కోసం నిలబడ్డాను మావా."

అతను కూర్చోలేదు. అలాగే నిలబడి ఏడ్చాడు. గంగరాజు మళ్ళీ తాళం ఊసెత్తలేదు. తలుపంటే తాళం పడుతుంది, కన్నానికి తాళం ఎక్కడ వేస్తాడు అని దేవమణి అంది. ఇకమీదట లోపలికి వెళ్ళినా బయటికి వచ్చినా అందులోంచేనని అక్కడే తేల్చుకున్నాం.

మర్నాడు షావుకారు ఇటుకలు దింపించాడు. ఎర్రన్న తాపీ కింద పెట్టేశాడు. దేవమణీ, ఆమె వెనక ఆడవాళ్ళంతా కన్నంలోంచి గోదాములోకి నడిచారు. షావుకారు మొహం పాలిపోయింది.

"ఒసే, అది పీనుగుల దారే. బతికున్నవాళ్ళు నడిస్తే మళ్ళీ చావొస్తాది. ముందు తలుపులోంచి రండి."

ఆయన నిజంగానే భయపడ్డాడు. మంట రోజున ఆ భయం మేం చూడలేదు.

దేవమణి వెనక్కొచ్చి కన్నంలో కూర్చుంది. "బతికున్నోళ్ళకి ఏ దారుంచినావు బాబూ? మావోళ్ళు సచ్చి తెచ్చిన దారిది. పూడ్సాలంటే నన్నెట్టి పూడ్సు," అంది.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. తెల్లవాడు పోయి ఏడాది దాటినా లాఠీ పాతదే. పరాయివాళ్ళ గోడ పాడు చెయ్యడం నేరమన్నాడు జమేదారు. పగలగొట్టించింది షావుకారే కదా అంటే, అది శాస్త్రం కోసమన్నాడు. ఎర్రన్న చేతికీ దేవమణి చేతికీ ఒకే బేడీ వేసి ముందు తలుపువైపు లాగారు. దేవమణి కదల్లేదు. దెబ్బలు తిని కూడా, చెల్లెల్ని మోసుకెళ్ళిన ఆ కన్నంలోంచే ఎర్రన్నతో బయటికొచ్చింది. ఆమె లేచిన చోట గంగరాజు కూర్చున్నాడు. అతన్నీ పట్టుకుపోయారు. ఆ చోట ఇంకొకరు కూర్చున్నారు. పొద్దుగూకేసరికి జమేదారు దగ్గర బేడీలు అయిపోయాయి.

తెల్లారి షావుకారు ముందు తలుపు రెండు రెక్కలూ తీయించుకుని అరుగుమీద కూర్చున్నాడు. అటు ఒక్కరూ వెళ్ళలేదు. కలాసీలూ ఆడవాళ్ళూ గోదాము చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి, నడుం వంచి పీనుగుల దారిలోంచే పనిలోకి దిగారు. దింపిన ఇటుకలు అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకునే మేస్త్రీ చీపురుపల్లిలో దొరకలేదు.