గేటు ముందు పచ్చ వెలుగు

నేను ఒక బోర్డును. మందుల ఫ్యాక్టరీ గేటు పక్కన, ఊరివైపు ముఖం పెట్టి నిలబడ్డ వెలుగుల బోర్డును. బాలానగర్‌లో ఒక ఇరుకు షెడ్డులో నా ఒంటినిండా దీపాలు పొదిగారు. ఫ్యాక్టరీ నీళ్ళలో ఏ విషం ఎంత పోతోందో బయటి జనానికి తెలియాలని చట్టం చెప్పింది గనుక నన్ను కొన్నారు. నిలబెట్టిన రోజున కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నిజం చెప్పేదానికి ఇంత మర్యాదా అని మురిసిపోయాను.

ఫ్యాక్టరీ నీళ్ళు పోయే కాలువలో ముంచిన కడ్డీ ఒకటి నీటిని రుచి చూసి నాకు కబురు పంపుతుంది. విషం హద్దులో ఉంటే నా అంకెలు పచ్చన, దాటితే ఎర్రన. ఆ కాలువ వాగులో కలుస్తుంది. బర్రెలు కాసే మొగులమ్మకు అంకెలు రావు, రంగులు వచ్చు. పచ్చగా ఉంటే బర్రెలను వాగుకు తోలేది, ఎర్రగా ఉంటే దూరాన ఉన్న బోరుకు.

ఒకనాడు ఎర్రబడ్డాను. కారు దిగిన మేనేజరు నన్ను చూసి ముఖం మాడ్చుకున్నాడు. “సిద్ధిరాములూ, దీన్ని పచ్చగా చెయ్యి” అన్నాడు. మరమ్మతులు చూసే సిద్ధిరాములు కాలువను ఏం బాగుచేయగలడు? కడ్డీని పైకి తీసి, మంచినీళ్ళ బకెట్లో ముంచాడు. మరుక్షణమే పచ్చబడ్డాను. బకెట్టు గురించి నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజాన్నే కాలువకు తొడిగారు.

ఆ వారమే మొగులమ్మ పాడిబర్రె నురగలు కక్కి చచ్చిపోయింది. జనం గేటు ముందు మూగి, “మీ నీళ్ళే సంపినయ్!” అని అరిచారు. వారించింది ఆమే.

“ఊకె అనకుండ్రి. బోర్డు పచ్చగుంటెనే తాపిన. నేనే ఏం మేపిన్నో ఏమో!” అని గుండెలు బాదుకుంది.

రాళ్ళు రువ్వినా ఓర్చుకునేదాన్ని. సిగ్గుతో ఎర్రబడదామన్నా, నా రంగు నా చేతిలో లేదు.

మొన్నటి వానకు నా ఫ్యూజు కాలిపోయింది. తనకంటూ మిగిలిన ఒక్క పడ్డను, ఆ చచ్చిన బర్రె దూడను, వెంటబెట్టుకొని వచ్చిన మొగులమ్మ, వెలగని నన్ను చూసి ఆగిపోయింది. నిచ్చెన మీద సిద్ధిరాములు ఉన్నాడు.

“జల్ది చెయ్యి అల్లుడా, పడ్డ దూపకున్నది, నీళ్ళు తాపాలె.”

అతడు చేతిలోని కొత్త ఫ్యూజును అటూ ఇటూ తిప్పాడు. గేటువైపు చూసి, గొంతు తగ్గించాడు. “అత్తా, పచ్చగొచ్చినా తాపకు. బోరుకాడికే కొట్టుకపో.”

ఇన్నాళ్ళూ నేను చెప్పలేకపోయిన మాట అది. మొగులమ్మ పకపకా నవ్వింది.

“మస్తు చెప్పొచ్చినవ్ గని! సర్కారు పెట్టిచ్చిన బోర్డు కంటె నీకెక్కువ ఎరుకనా? నా మోకాళ్ళు నీకియ్యనా, బోరుదాంక నడుస్తవు? ముందుగాల దాన్ని ఎలిగియ్యి.”

లోపల మేనేజరు కారు హారను మోగింది. సిద్ధిరాములు గబగబా నావైపు తిరిగాడు. ఫ్యూజు బిగించాడు. కడ్డీ ఇంకా బకెట్లోనే ఉంది.

పచ్చగా వెలిగాను. మొగులమ్మ నాకు దండం పెట్టి, పడ్డ మెడతాడు వదిలింది. అది పరుగున వాగులోకి దిగింది.