రెండో వయొలిన్

ఆ నలుగురి బృందం పుట్టింది సైకిల్ షాపు మేడమీద గదిలో. అక్క మొదటి వయొలిన్, చెల్లెలు రెండో వయొలిన్. మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే సెల్లో బావది. బావ స్నేహితుడు వయోలా వాయించేవాడు. అది వయొలిన్‌కి కాస్త ఒళ్లు చేసినట్టుంటుంది. నోరు విప్పడమే గగనం కాబట్టి అతన్ని అందరూ మౌనస్వామి అనేవారు.

అరవై దాటిన చెల్లెలికి ఆ రోజులు తలుచుకుంటే ముందు గ్రీజు వాసనే గుర్తొస్తుంది. కింద టైరుకి గాలి కొడుతుంటే పైన వీళ్ల తాళం తప్పేది.

"కాస్త ఆపండి బాబూ!" అని అక్క కిటికీలోంచి అరిచేది.

"మీరే ఆపండమ్మా, బేరాలు పోతున్నాయి!" అనేవాడు షాపాయన. తీరా మొదటి కచేరీకి అందరికన్నా ముందొచ్చి, ముందు వరసలో కూర్చుని, హాయిగా నిద్రపోయాడు.

తర్వాత పెద్ద హాళ్లు, రేడియో, ఊరూరా రైలు ప్రయాణాలు. సెల్లోకి కూడా సీటు తీసుకుని, "మా పెద్దబ్బాయండీ, అల్లరి చెయ్యడు" అని బావ టికెట్ కలెక్టర్లని నవ్వించేవాడు. పేపర్లో మాత్రం ఎప్పుడు రాసినా అక్క గురించే. చెల్లెలికి ఒకటి రెండుసార్లు ఒళ్లు మండింది కూడా. కానీ అక్క పైస్థాయికి వెళ్లినప్పుడు కింద మెత్తగా తన స్వరం పరవడంలో ఉన్న సుఖం ఆమెకి వేరే ఎక్కడా దొరకలేదు.

ఇరవై ఏళ్లు అలా గడిచాక ఒక సాయంత్రం సాధనలో అక్క వేళ్లు మొరాయించాయి. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అంతే. వయొలిన్ ఒళ్లో పెట్టుకుని చెల్లెలి వైపు తిరిగింది.

"ఇక నువ్విటు రావే. నేనటు కూర్చుంటా."

"పిచ్చా అక్కా నీకు?"

"పిచ్చి కాదే, కీళ్లవాతం."

ఎవరూ నవ్వలేదు. మౌనస్వామి గొంతు సవరించుకున్నాడు. "ఆర్నెల్లుగా వింటూనే ఉన్నాను."

"మరి చెప్పలేదేం?" అంది చెల్లెలు కోపంగా.

"ఎలా చెప్పమంటావమ్మా?" అన్నాడతను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

స్థానాలు మారిన తొలి కచేరీలో చెల్లెలికి చెమటతో కమాను జారిపోతుందేమో అనిపించింది. పక్క నుంచి అక్క స్వరం వచ్చి తన స్వరం కింద చెయ్యి వేసినట్టు ఆనింది. అప్పుడు భయం పోయింది. వాయించింది, తనివితీరా.

తెర వెనక్కి రాగానే అక్క ఆమె భుజం పట్టుకుని కుదిపేసింది. "ఇన్నేళ్లూ నన్నిలా మోశావటే? ఎంత కష్టమే తల్లీ ఇది! ఒక్కసారైనా అనలేదేం?"

చెల్లెలు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఆ వేళ్లు నొప్పెడతాయన్న సంగతే మరిచి.

అలా మరో మూడేళ్లు వాయించారు. అక్క ఇక వల్లకాదన్న రోజున ఆమె బదులు కొత్తవాళ్లని తీసుకోమని కచేరీ హాళ్లవాళ్లు అడిగారు. ముగ్గురూ ఒక్క గొంతుతో వద్దన్నారు.

మౌనస్వామి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే "ఊఁ" కొడతాడు, పెట్టెయ్యనివ్వడు. ఆదివారాలు చెల్లెలు అక్కావాళ్లింటికి వెళ్తుంది. పాత రేడియో రికార్డింగులు పెట్టుకుంటారు.

"ఇక్కడ మీరు తొందరపడ్డారు" అంటుంది అక్క, బావ వంక చూసి.

"నువ్వే లాక్కెళ్లావు" అంటాడు బావ.

తగువు తేలదు. చెల్లెలు కళ్లు మూసుకుని తన స్వరం వెతుక్కుంటుంది. అక్కడే ఉంటుంది, అక్కకి ఆనుకుని.