తుడవని బల్ల

జడ్జిగారు తన కళ్లుగా పంపిన కమిషనరు కిటికీ గట్టు మీద వేలితో రాసి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. పక్కింట్లో అలమర పైన చూశాడు, ఆ పక్కింట్లో ఉయ్యాల తాడు నలిపి చూశాడు. ఎక్కడా చిటికెడు బూడిద లేదు. కంపెనీ వకీలు చేతులు వెనక్కి కట్టుకుని, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా నవ్వుకుంటూ వెంట నడుస్తున్నాడు.

కాలనీ తరఫున కేసు వాదిస్తున్న ప్లీడరమ్మ తనూ వేలితో రాసి చూసింది. బొగ్గు కరెంటు కర్మాగారం పొగగొట్టాల కిందనే ఉంది ఆ కాలనీ. కంచం మీద మూత తీస్తే బూడిద, పసిపిల్ల ముక్కు తుడిస్తే బూడిద. నిన్న ఆమె వచ్చినప్పుడు ఇదే గట్టు మీద పిల్లలు వేళ్లతో బొమ్మలు గీస్తున్నారు. ఇవాళ గట్టు అద్దంలా మెరిసిపోతోంది.

మేస్త్రమ్మని పక్కకి పిలిచి ఏం జరిగిందని అడిగింది. ఊళ్లో ఆఫీసులన్నీ ఊడ్చేది ఈ కాలనీ ఆడవాళ్లే. వాళ్లందరికీ పెద్ద మేస్త్రమ్మ. ఆవిడ దాచకుండా, కొంచెం గర్వంగానే చెప్పింది.

"కోర్టు మనిషి మన గడప తొక్కుతుంటే ఇల్లు అట్లా వదిలేస్తామా? మురికి మా అలవాటని వాళ్ల వకీలు కోర్టులో అన్నాడని నువ్వే కదమ్మా చెప్పావు. మూలమూలా కడిగాం. చూడనీ, ఎవరు మురికోళ్లో."

నిజమే, చెప్పింది తనే. వాళ్లకి రోషం రావాలని చెప్పింది. వచ్చిన రోషం నేరుగా చీపురు పట్టుకుంటుందని ఊహించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కమిషనరు 'బూడిద జాడలు కానరాలేదు' అని రాసుకుని కారెక్కాడు.

ఈ కేసు వేసిననాడు ప్లీడరమ్మకి ఒక్క వెంట్రుక నెరవలేదు. బూడిద పోసుకోవడానికి పొలాలు తీసుకున్నప్పుడు కంపెనీ రాసిచ్చిన మాట ఒకటుంది. పాత బాయిలర్లు అరిగిపోయాక ఆపేస్తామనీ, ఆ నేలలోనే ఎండతో కరెంటు పుట్టించే పలకలు పెడతామనీ. బాయిలర్లు అరిగిపోయి చాలాకాలమైంది. పలక ఒక్కటీ లేచింది లేదు. ఇప్పుడు అదే బాయిలర్లని మరి కొన్నేళ్లు మండించుకుంటామని అనుమతి అడుగుతోంది. ఆ అనుమతి ఇవ్వొద్దు, అన్నమాట ప్రకారం పలకలు పెట్టించండి, వాటిమీద పని ఈ కార్మికులకే ఇప్పించండి అన్నది ఆమె వాదన. వచ్చే వాయిదాలో తేలిపోతుంది. ఓడితే ఈ ఉయ్యాలల్లో పిల్లలు ఆ పొగలోనే పెళ్లీడుకొస్తారు.

సాయంత్రం బడి వరండాలో అందరూ చేరారు. ప్లీడరమ్మ నిలబడి మాట్లాడే ఓపిక లేక మెట్టు మీద కూర్చుంది. కమిషనరు రాసింది కాదనడానికి తన దగ్గర ఇక ఏమీ లేదని, దారి తోచడం లేదని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అలా చెప్పడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఎవరూ ఆమెని నిందించలేదు, అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది.

మేస్త్రమ్మ తమ్ముడు లేచాడు. కర్మాగారంలో బాయిలర్ ఫిట్టరు. పోతే పోయింది కేసు, మంచిదే అన్నాడు. "ఎండని నమ్ముకుని ఎవడన్నా పొయ్యి ఆర్పుకుంటాడా అక్కా? పలకలు పెట్టేదెప్పుడు, మాకు పనిచ్చేదెప్పుడు? బాయిలర్ ఆగిన మర్నాడే మా కడుపు మీద కొడతారు."

"కొట్టకుండా ఉన్నదెప్పుడురా?" అంది మేస్త్రమ్మ. "పని నీకు రేపు పోతుందని భయం. నీ మనవరాలికి ఊపిరి ఇవాళే అందడం లేదు."

గొడవ ముదిరింది. బాయిలర్ మగవాళ్లు ఒకవైపు, ఊడ్చే ఆడవాళ్లు ఒకవైపు. ఒకే ఇంటి మొగుడూ పెళ్లాలు చెరోవైపు నిలబడి అరుచుకున్నారు. వీళ్లిలా కొట్టుకుంటే కంపెనీకి వకీలెందుకు? ప్లీడరమ్మ తల పట్టుకుంది. ఆ సందడిలో ఎవరో ఒకావిడ నవ్వులాటకి అంది, తను వారం పాటు కోర్టు ఊడవకపోతే జడ్జిగారి పాదాల గుర్తులే సాక్ష్యం చెబుతాయని. కొందరు నవ్వారు. నవ్వు ఆగాక మేస్త్రమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

కోర్టు, కలెక్టరాఫీసు, పోలీసు స్టేషను, కంపెనీ పెద్దాఫీసు. ఊరి మీద పడే బూడిదంతా దొరలు నిద్ర లేవకముందే ఎత్తిపోసేది తామే. కంపెనీ లేదు లేదంటున్న బూడిదని లేకుండా చేస్తున్నది తమ చేతులే. కాంట్రాక్టరు పని తీసేస్తాడని ఒకావిడ, కేసు పెడతారని ఇంకొకావిడ వెనక్కి తగ్గారు. తీసేస్తే మరొకరిని తెస్తాడు, ఆ వచ్చేదీ ఈ కాలనీ మనిషే కదా, అందరం ఒక్కమాట మీద ఉంటే ఎవరిని తెస్తాడని మేస్త్రమ్మ అడిగింది. అందరూ ప్లీడరమ్మ వైపు చూశారు.

చేయమని తాను చెప్పలేనంది ఆమె. పని పోవచ్చు, జైలు కావచ్చు, విడిపిస్తానని మాటివ్వలేనంది. "మిమ్మల్ని ఎక్కడ పెట్టినా వస్తాను. అదొక్కటే చెప్పగలను."

మర్నాటి నుంచి చీపుళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డాయి. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గుమాస్తాలు ఫైళ్లు దులుపుకున్నారు. బూట్లు దులుపుకున్నారు. తెల్ల కార్లు బూడిదరంగుకి తిరిగాయి. పెద్దింటి ఆడవాళ్లు డాబా మీద ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కుంటూ, ఇంత బూడిద ఎక్కణ్నుంచి వస్తోందని ఆశ్చర్యపోయారు. ఎక్కణ్నుంచో వాళ్ల పనిమనిషికి తెలుసు, ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరు.

వాయిదా రోజున జడ్జిగారు వచ్చి కూర్చుని బల్ల మీద చెయ్యి పెట్టారు. అరచెయ్యి నిండా బూడిద అంటింది. చెయ్యి తిప్పి చూసుకుని, ఇదేమిటని అడిగారు. అడిగింది బంట్రోతుని. కంపెనీ వకీలు చటుక్కున లేచి నిలబడ్డాడు.

"అది మా బాయిలర్ల బూడిద కాదండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. వెనక బెంచీల మీద మేస్త్రమ్మ జట్టంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్లీడరమ్మ నెమ్మదిగా లేచింది. నవ్వే ఓపిక కూడా ఆమెకి లేదు. అసలు ఊళ్లో బూడిదే లేదని కంపెనీ ప్రమాణపత్రం ఇచ్చిందనీ, ఇప్పుడు ఉన్నదెవరిదో చెప్పే పూచీ వాళ్లదేననీ అంది. కమిషనరుకి అది ఎందుకు కనపడలేదో కూడా చెప్పింది. "పోయిన వారం దాకా ఈ బల్ల వీళ్లు తుడిచారండి. ఇప్పుడు తుడవడం లేదు. ఇంతకన్నా నా దగ్గర సాక్ష్యం లేదు."

జడ్జిగారు ఆ చేత్తోనే కమిషనరు నివేదిక పక్కన పెట్టి, తామే వచ్చి చూస్తామన్నారు. అంతవరకూ అనుమతి ఇవ్వడానికి వీల్లేదన్నారు. గెలుపు కాదు, ఇంకో వాయిదా. కానీ కంపెనీకి ఆ వాయిదా కూడా మింగుడు పడలేదు. కోర్టు మెట్లు దిగకముందే కాంట్రాక్టరు వేలెత్తి చూపించాడు, పోలీసులు మేస్త్రమ్మని జీపెక్కించారు. ప్రభుత్వ పనులకి అడ్డు తగిలిందట.

ప్లీడరమ్మ స్టేషనుకి వెళ్లేసరికి మేస్త్రమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా చీపురు. ఈ గది ఊడ్చేసి ఇంటికి పొమ్మని, కేసూ గీసూ ఉండదని ఇన్‌స్పెక్టరు చెప్పాడట. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. మోకాళ్లు నొప్పులుగా ఉన్నాయేమో, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ప్లీడరమ్మకి చూపించిన కుర్చీ మీద బూడిద పేరుకుని ఉంది. అలవాటు కొద్దీ కొంగుతో తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని అలాగే కూర్చుంది.

"అలిసిపోయావమ్మా" అంది మేస్త్రమ్మ.

"అవునక్కా."

బయట అడుగుల చప్పుడు వినిపించింది. కర్మాగారం గేటు దాటే ముందు ప్రతి కార్మికుడూ పంపు దగ్గర ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని తీరాలి. ఒంటి మీద బూడిదతో ఎవడూ వీధిలో కనపడకూడదు. అది కంపెనీ పెట్టిన కట్టడి. ఇవాళ బాయిలర్ షిఫ్టు మొత్తం ఒళ్లు కడగకుండా గేటు దాటి, పెద్దవీధిలోంచి నడిచొచ్చింది. తల నుంచి కాలి దాకా బూడిద. కళ్లు మాత్రమే మనుషులవని తెలుస్తున్నాయి. గుమ్మంలో ముందు నిలబడ్డవాణ్ని మేస్త్రమ్మ వెంటనే పోల్చుకోలేకపోయింది. గొంతు విన్నాకే తెలిసింది, తమ్ముడని.

"మేమూ కడుక్కోవడం మానేశాం సార్" అన్నాడు ఫిట్టరు. "రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు చీపురు వంకా, వీధి నిండా నిలబడ్డ మనుషుల వంకా చూశాడు. ప్లీడరమ్మ కుర్చీలోంచి లేచింది. నల్లకోటు వెనకంతా తెల్లగా బూడిద. దులుపుకోకుండానే వెళ్లి వాళ్ల వరసలో నిలబడింది.